తొట్టిలో మిగిలిన మూడు క్యూబ్‌లు

ఢిల్లీ వెళ్లొచ్చానని తెలిసి మా వీధిలో ముగ్గురు ఎర్రకోట గురించి అడిగారు. నేను ఎర్రకోట చూడలేదు. నాలుగు రోజుల్లో నేను చూసింది ఒక నీటి తొట్టి, సగం కట్టిన ఒక భవనం, ఒక ఫోన్‌లో నూట ఇరవై ఎనిమిది అంకెలు. అటు వెళ్లనివాళ్లకు ఇందులో చూడదగ్గది ఏముందంటే చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను ఇంజనీరును కాను. పదో తరగతి లెక్కల్లో కాక ఇంగ్లీషులో తప్పి, రాజమండ్రిలో ఒక కాంట్రాక్టరు దగ్గర కొలతల టేపుకు రెండో చివర పట్టుకునే పనిలో చేరాను. ఆ పైన ముప్పై ఒక్క ఏళ్లు కొలతల పుస్తకం రాశాను. నన్ను మాస్టారని పిలుస్తారు గానీ ఏ బడిలోనూ చెప్పలేదు.

వైశాలి

రైలు దిగేసరికి ఉదయం తొమ్మిది. సూర్యుణ్ణి నేరుగా చూడగలిగాను, కన్ను చెమర్చలేదు. మా ఊళ్లో చలికాలపు మంచుకు ఏటి వాసన ఉంటుంది. ఇక్కడ తెల్లగా కమ్ముకున్నదానికి కాలిన రబ్బరు వాసన.

సత్తిబాబు స్టేషన్‌కు వచ్చాడు. వచ్చీరాగానే కాళ్లకు వంగి, లేస్తూనే జేబులోంచి ఒక ముక్కు గుడ్డ తీసి ఇచ్చాడు.

"పెట్టుకోండి మాస్టారూ. ఇవాళ నాలుగు వందలు దాటింది."

"ఏం దాటింది?"

"గాలి అండి."

సత్తిబాబు డిప్లొమా చదివి పంతొమ్మిదో ఏట నా దగ్గర చేరాడు. ఆరేళ్లు నా పక్కన కూర్చుని పుస్తకం రాశాడు. ఏడు అంకెకు నడుం మీద నేను పెట్టే అడ్డగీత వాడికీ వచ్చేసింది. ఇప్పుడు వాడికి ముప్పై నాలుగు. గురుగ్రామ్‌లో కడుతున్న ఒక ఇరవై ఎనిమిది అంతస్తుల భవనంలో కాంక్రీటు నాణ్యత చూసే ఇంజనీరు. అద్దె తక్కువని కాపురం మాత్రం ఈ చివర, వైశాలిలో.

పదిరోజుల క్రితం ఫోన్ చేశాడు. "మాస్టారూ, నేను దొంగ లెక్క రాశానంటున్నారండి. మీరొకసారి వచ్చి మన పద్ధతి ఏంటో చెబితే చాలు. వీళ్లకి అర్థం కావట్లేదు." ఆ గొంతు విని టికెట్ తీయించాను.

ఆ పద్ధతి ఏమిటో ఇక్కడే చెప్పేస్తాను. స్తంభానికి కాంక్రీటు పోసినప్పుడు అదే కలపలోంచి కాస్త తీసి, జానెడుకన్నా తక్కువ ఉండే చదరపు అచ్చుల్లో ఆరు దిమ్మెలు పోస్తారు. క్యూబ్‌లంటారు. వాటిని నీటి తొట్టిలో ఉంచి, ఏడో రోజున మూడు, ఇరవై ఎనిమిదో రోజున మూడు తీసి యంత్రంలో పెట్టి నొక్కుతారు. ఎంత బరువుకు పగిలాయన్నదే ఆ స్తంభం బలం. ఈ భవనంలో ఇరవై ఎనిమిదో రోజున ముప్పై అయిదు రావాలి. ఏడో రోజు అంకెను ఒకటిన్నరతో గుణిస్తే ఇరవై ఎనిమిదో రోజు అంకె దాదాపుగా తెలుస్తుంది. పై అంతస్తు పని ఎప్పుడు పెట్టుకోవచ్చో అంచనా వేయడానికి నేను ఆ అంకెను ముందే పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకునేవాణ్ణి. క్యూబ్ పగిలాక పెన్సిల్ చెరిపి, వచ్చిన అంకెను ఇంకుతో రాయాలి. సత్తిబాబుకు నేర్పింది ఇదే.

వాడి భార్య పద్మ వంకాయ కారం పెట్టి కూర, టమాటా పప్పు చేసింది. గోంగూర కోసం మూడు బజార్లు తిరిగిందట, దొరకలేదట. "ఇక్కడ పాలకూరే దిక్కు మాస్టారూ, ఏం అనుకోకండి" అంది. ఉద్యోగం సంగతి ఆమెకు పూర్తిగా తెలియదని వడ్డించే తీరులోనే అర్థమైంది. నేను పెద్ద ఆఫీసు పని మీద వచ్చానని చెప్పాడట. నన్ను చూసి సంబరపడుతోంది.

వాళ్ల పాప మిన్నుకు ఎనిమిదేళ్లు. తెలుగులో అడిగితే హిందీలో చెబుతుంది. ఒకటిన్నరతో గుణించడం ఎలాగో నేర్పాను. "సగం చేసి కలిపెయ్ అమ్మా. పదహారులో సగం?"

"ఆఠ్."

"పదహారు, ఎనిమిది?"

"చౌబీస్!" అని ఎగిరింది. సాయంత్రం దాకా ఇంట్లో కనబడ్డ ప్రతి అంకెనూ ఒకటిన్నర చేసింది. సత్తిబాబు ఒకసారి గట్టిగా "చాల్లే" అని కసిరాడు. పాపకు ఎందుకో తెలియలేదు. నాకూ అప్పుడు తెలియలేదు.

గురుగ్రామ్

వైశాలి నుంచి పన్నెండు స్టేషన్లు వెళ్లి రైలు మారాలి, అక్కణ్ణుంచి ఇరవై ఒకటి. సత్తిబాబు రోజూ రానూపోనూ అరవై ఆరు స్టేషన్లు తిరుగుతాడు. కూర్చోవడానికి చోటు దొరికేది ఏ వారంలోనో రెండుసార్లట.

భవనం దగ్గర చప్పుడు లేదు. గాలి పాడైతే ఇక్కడ కట్టుబడి పనులు ఆపేయమని ఉత్తర్వు వస్తుంది. క్రేన్ చెయ్యి చాపి ఉన్నది ఉన్నట్టు నిలబడి ఉంది. బీహారు కూలీలు ఇటుకల మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. గేటు బయట టీ అమ్మే ఆవిడ అల్లం దంచి టీ పెట్టింది. పదిహేను రూపాయలు, రెండు గుక్కలు. మా దగ్గర పదికి మూడు గుక్కలు వస్తాయి. నేను గ్లాసు లోపలికి చూస్తుంటే ఆవిడ నవ్వి, "గిన్ రహే హో క్యా, బాబూజీ?" అంది. లెక్కపెడుతున్నావా అని. అవునన్నాను. మరో అరగుక్క పోసింది.

సత్తిబాబు నన్ను నీటి తొట్టి దగ్గరకు తీసుకెళ్లాడు. మామూలు సిమెంటు తొట్టి. ఒక మూలలో చెయ్యి పెట్టి చూపించాడు.

"ఇక్కడండి. మూడు క్యూబ్‌లు ఇక్కడే ఉండిపోయినాయి."

జరిగింది ఇది. పన్నెండో అంతస్తు స్తంభాల క్యూబ్‌లకు ఇరవై ఎనిమిదో రోజు వచ్చేసరికి పొగ వల్ల పని ఆగింది. గేటుకు తాళం, పరీక్ష గదికీ తాళం. సత్తిబాబు వైశాలిలో ఇంట్లో ఉండి ఏడో రోజు అంకె ఇరవై నాలుగు పాయింట్ ఎనిమిదిని ఒకటిన్నర చేసి, ముప్పై ఏడు పాయింట్ రెండు అని ఫోన్‌లో ఎక్కించాడు. నాలుగు రోజుల తర్వాత యజమానుల తరఫు తనిఖీ మనిషి చెప్పకుండా వచ్చి తొట్టిలోకి చూశాడు. పగిలిపోయాయని రాసి ఉన్న మూడు క్యూబ్‌లు నీళ్లలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆయన ఎదుటే పగలగొడితే ముప్పై మూడు పాయింట్ ఒకటి వచ్చింది. ఆ ముక్కలన్నీ ఇప్పుడు సంచిలో కట్టి సీలు వేసి ఉన్నాయి.

"తాళం తీశాక పగలగొట్టి, సరైన అంకె వేద్దామనుకున్నానండి. మీ పెన్సిల్ లాగే" అన్నాడు.

"మరి అక్కడ పెన్సిల్ ఉందా?"

తొట్టిలోంచి చెయ్యి తీసి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

పెన్సిల్ సంగతి మధ్యాహ్నం హరిత చెప్పింది. కరీంనగర్ అమ్మాయి. ఈ భవనం రికార్డులన్నీ బ్లాక్‌చెయిన్ అనే పద్ధతిలో ఉంచే సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. నా ముందు కూర్చుని కాగితం మీద గళ్లు గీసింది.

"ఇగో అంకుల్, ఇది ఒక పేజీ అనుకోండ్రి. దీని మొత్తం కలిపి ఒక గుర్తు వస్తది. ఆ గుర్తు పక్క పేజీ నెత్తి మీద రాస్తం. దాని గుర్తు మళ్ల దాని పక్క పేజీకి. నడుమ ఒక్క అంకె మార్చిన్రనుకో, వెనుకకొచ్చే గుర్తులన్నీ తప్పయితయ్."

"మా కొలతల పుస్తకం అంతేనమ్మా. ప్రతి పేజీ మొత్తం పక్క పేజీ మొదట్లో ఎత్తి రాస్తాం. పేజీలకు నంబర్లుంటాయి. ఒకటి చింపితే దొరికిపోతాం."

"గంతే! మీరు ముప్పై ఏండ్ల సంది చైనే రాస్తున్రు. కాకపోతే మీ పుస్తకం ఒక్కటి. మాది అయిదు తావుల ఉంటది. కట్టేటోళ్ల దగ్గర, కట్టించుకునేటోళ్ల దగ్గర, డిజైన్ చేసినోళ్ల దగ్గర, కాంక్రీట్ పంపేటోళ్ల దగ్గర, తనిఖీ చేసేటోళ్ల దగ్గర. ఒకరి పుస్తకం ఇంకొకరు నమ్మే పనే లేదు, అందరిదీ ఒకటే పుస్తకం."

నాకు ఎంతో నచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లలో మా పుస్తకంలో అంకె ఒకటి, వాళ్ల పుస్తకంలో అంకె ఒకటి అయి ఎన్ని కొట్లాటలు చూశానో. ఒకసారి వానలో తడిసిందన్న నెపంతో ఒక పుస్తకం మొత్తం కాలవలోకి పోయింది. ఈ పద్ధతిలో అది జరగదు. కానీ ఒకటి అడిగాను. "రాసిన అంకె నిజమో కాదో అదెలా చెబుతుంది?"

"చెప్పది అంకుల్. చెత్త ఏస్తే చెత్తనే పైలంగ దాస్తది."

"ముందు అంచనాగా రాసుకుని తర్వాత దిద్దుకునే వీలు?"

"ఇంకోటి కొత్తగ రాయొచ్చు. మొదటిది పోదు. రెండూ కనిపిస్తయ్. మళ్ల ఇరవై ఎనిమిదో దినం అంకె పడలేదనుకోండ్రి, ఎర్ర గుర్తు వస్తది. అయిదు కంపెనీల ఫోన్లల్ల కనిపిస్తది." గళ్లు గీసిన కాగితం మడిచి, "గేటుకు తాళముంటె ఏం జేస్తరని మేం ఆలోచించలే అంకుల్" అంది.

మర్నాడు విచారణలో నేను మాట్లాడాలి కాబట్టి నా పేరును సాక్షిగా ఎక్కించి, అంకెలు చూసే వీలు నా ఫోన్‌లో పెట్టింది. అరవై నాలుగు విడతల క్యూబ్‌లు. ఒక్కో విడతకు ఏడో రోజు అంకె, ఇరవై ఎనిమిదో రోజు అంకె.

తిరుగు మెట్రోలో

నాకు ఇరవై ఒక్క స్టేషన్ల దూరం కూర్చునే చోటు దొరికింది. పక్కన ఒక ముసలాయన సర్దుకుని చోటిచ్చి, నేను జేబు పుస్తకం తీసి రాస్తుంటే వంగి చూస్తూ ఉన్నాడు. సత్తిబాబు ఎదురుగా కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

నేను చేసిన పని చిన్నది. ప్రతి విడతలో రెండో అంకెను మొదటిదానితో భాగించాను. నిజంగా పగిలిన క్యూబ్ ఎవరి సూత్రానికీ సరిగ్గా లొంగదు. ఒకటి పాయింట్ నాలుగు నాలుగు వస్తుంది, ఒకటి పాయింట్ అయిదు మూడు వస్తుంది. అలాగే వచ్చాయి, ఎనిమిదో విడత దాకా. తొమ్మిదోది ఇరవై నాలుగు పాయింట్ ఆరు, ముప్పై ఆరు పాయింట్ తొమ్మిది. సరిగ్గా ఒకటిన్నర. పదోది ఇరవై అయిదు పాయింట్ నాలుగు, ముప్పై ఎనిమిది పాయింట్ ఒకటి. ఒకటిన్నర.

అరవై నాలుగింట్లో యాదృచ్ఛికంగా ఒకటో రెండో అలా కుదరవచ్చు. ఇక్కడ తేలినవి పన్నెండు. అన్ని కుదరవు. పైగా ఆ పన్నెండూ గత చలికాలంలోనో ఈ చలికాలంలోనో పొగకు పని ఆగిన రోజుల్లోనే పడ్డాయి. ఒకటి తొట్టి దగ్గర దొరికినది. తక్కిన పదకొండు ఎవరికీ తెలియదు. తెలియాలంటే ఆ ఒకటిన్నర తెలిసి ఉండాలి.

తలెత్తి చూశాను. సత్తిబాబు నా జేబు పుస్తకం వైపే చూస్తున్నాడు.

"పదకొండు" అన్నాను.

వాడు కాదనలేదు. "తర్వాత పగలగొట్టానండి. తొమ్మిది పగలగొట్టాను. అటూ ఇటూగా సరిపోయినాయి. రెండో అంకె ఎక్కిస్తే ఎందుకు రెండున్నాయని అడుగుతారని వదిలేశాను."

"తక్కిన రెండు?"

"ఆరో అంతస్తుది ఒకటి, తొమ్మిదో అంతస్తుది ఒకటి. సెలవు అయ్యాక వచ్చేసరికి తొట్టి ఖాళీ చేసేశారండి. క్యూబ్‌లు ఎక్కడ పారేశారో."

పక్కనున్న ముసలాయన మా ముఖాలు చూసి, "హిసాబ్ నహీ మిల్ రహా?" అని అడిగాడు. లెక్క కుదరడం లేదా అని. కుదిరింది అని ఎలా చెప్పాలో నాకు హిందీలో తెలియలేదు.

అశోకా రోడ్

విచారణ మూడో రోజు మధ్యాహ్నం మూడింటికి. దారిలో దిగి అశోకా రోడ్‌లో మన తెలుగువాళ్ల క్యాంటీన్‌లో భోజనం చేసి వెళదామన్నాడు సత్తిబాబు. అక్కడ బయట చాలా పెద్ద వరస. మా ముందు పొట్టి జుట్టు సైనికుడొకడు, అనంతపురం వైపువాడు, కంటోన్మెంట్ నుంచి పప్పు కోసం వచ్చాడట.

"ఏం సార్, కొత్తగా వచ్చినట్లుండారే?" అని నన్ను పలకరించాడు. "ముందే చెప్తాండా, అన్నం అడిగినంత ఏస్తారు, కూర్చునేకి చోటు మాత్రం యుద్ధం చేసి తెచ్చుకోవల్ల."

సత్తిబాబు కూడా నవ్వాడు. ఆ నాలుగు రోజుల్లో వాడు నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

పప్పు, నెయ్యి, పొడి, పులుసు. రుచి ఇంటిదే. రెండో వడ్డన వచ్చాక వాడు కంచంలోకి చూస్తూ అన్నాడు.

"మాస్టారూ, ఒక్కదాని గురించే విచారణ. ఒక్కటైతే హెచ్చరిక ఇచ్చి వదిలేస్తారంట, హరిత మేడం చెప్పింది. వాళ్లు అడక్కపోతే మీరు చెప్పకండి."

"అడిగితే?"

"అడిగితే మీ ఇష్టం అండి." కాసేపు అన్నం కలిపాడు. "పద్మకి ఇంకా చెప్పలేదండి."

మిన్ను బడి, వైశాలి అద్దె, ఊళ్లో వాడి తమ్ముడి చదువు, అన్నీ నాకు తెలుసు. వాటి పక్కన ఆ రెండు విడతలూ పెట్టుకుని చూశాను. ఆరో అంతస్తులో ఒకటి, తొమ్మిదిలో ఒకటి. వాటి పైన పడేది ఇరవై రెండు, పంతొమ్మిది అంతస్తుల బరువు. ఇంత వెయ్యి, ఇంత తియ్యి అని చెప్పే లెక్క ఇది కాదు. పెరుగన్నం తినకుండానే లేచాను. మా ఊళ్లో అలా లేస్తే వడ్డించేవాళ్లు అడుగుతారు. ఇక్కడ నా కుర్చీ కోసం అప్పటికే ఒకరు నిలబడి ఉన్నారు.

విచారణ గది

బల్లకు ఆ వైపు నలుగురు. మధ్యలో నాణ్యత విభాగం పెద్ద, యాభై దాటిన ఆవిడ, అందరూ మేడమ్‌జీ అంటున్నారు. నా మాటలు హరిత హిందీలో చెప్పింది.

నేను పెన్సిల్ పద్ధతి చెప్పాను. అది మోసం కాదనీ, అంచనా అనీ, ప్రతి ఊళ్లోనూ ఉన్నదేననీ చెప్పాను. మేడమ్‌జీ ఓపికగా విన్నారు. తల ఊపారు కూడా. సత్తిబాబు భుజాలు కొంచెం కిందికి దిగాయి. అప్పుడు ఆవిడ కళ్లద్దాలు తీసి నన్ను సూటిగా అడిగారు.

"మాస్టర్‌జీ, ఆప్ నే సారే నంబర్ దేఖే హై. యే ఏక్ హీ బార్ హువా హై నా?"

హరిత చెప్పబోయింది. అక్కర్లేదన్నాను. అంకెలన్నీ చూశారు కదా, ఒక్కసారే జరిగింది కదా అని అడుగుతున్నారని నాకు అర్థమైంది. కదా అన్న మాటలో ఆవిడ నాకొక దారి కూడా ఇచ్చారు.

నేను సత్తిబాబు వైపు చూడలేదు. చూస్తే చెప్పలేను. "కాదండి. ఇంకా పదకొండు" అన్నాను. జేబు పుస్తకం బల్ల మీద పెట్టాను.

హరిత ఆ మాటను హిందీలో చెప్పడానికి కొంత సమయం పట్టింది.

తర్వాత ఇంకొకటి కూడా చెప్పాను. ఆ ఒకటిన్నర నాది, నేర్పింది నేను, తప్పులో నా పేరు కూడా రాసుకోండి అన్నాను. మేడమ్‌జీ హరితకేసి చూశారు. హరిత నాతో నెమ్మదిగా అంది. "ఎవలు ఎక్కించిన్రు, ఎప్పుడు ఎక్కించిన్రు, గంతే ఉంటది అంకుల్. ఎవలు నేర్పిన్రు అనేదానికి అండ్ల గడి లేదు."

నా వాంగ్మూలం అక్కడికక్కడే ఎక్కించారు. నేను ఫోన్ మీద వేలు పెట్టాను. చెరగదు.

మళ్లీ వైశాలి

ముప్పై మూడు స్టేషన్లూ ఇద్దరం నిలబడే వెళ్లాం. వాడు తిట్టినా బాగుండేది. చివరి స్టేషన్‌లో దిగుతుంటే నా సంచి మాత్రం నా చేతిలోంచి తీసుకున్నాడు, ఎప్పటిలాగే.

మర్నాడు పొద్దున పద్మ నిమ్మకాయ పులిహోర కట్టి, రెండు పూటలకు సరిపోతుందని చెప్పింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అంటే చెప్పాడన్నమాట. డబ్బా నా చేతిలో పెట్టి, మూత సరిగా పడిందో లేదో రెండుసార్లు నొక్కి చూసి, "మీకు తోచింది మీరు చెప్పారు మాస్టారూ" అంది. మరోసారి రమ్మని అనలేదు.

మిన్ను గడప దగ్గర నిలబడి, "తాతయ్యా! ఛబ్బీస్ కా ఉన్తాలీస్!" అని అరిచింది. ఇరవై ఆరుకు ముప్పై తొమ్మిది. సరిగ్గానే చెప్పింది. నేను శెభాష్ అనలేకపోయాను. పులిహోర విజయవాడ దాకా తినలేకపోయాను, అప్పటికి పులిసిపోయింది.

ఇంట్లో

నా పేరు ఆ పుస్తకంలో సాక్షిగా ఉండిపోవడం వల్ల, అందులో ఏది ఎక్కినా నా ఫోన్‌కు కబురు వస్తుంది. పొగ తగ్గి పనికి అనుమతి వచ్చాక, ఆ పన్నెండు చోట్లా స్తంభాలకు రంధ్రం పెట్టి లోపలి ముక్క తీసి పరీక్షించారు. అలా తీసిన ముక్కకు ముప్పై వస్తే చాలట. ఒక్కొక్కటే వచ్చింది. అన్నం తింటుంటే ఒకటి, బజారులో ఒకటి. తొట్టి దగ్గర దొరికిన పన్నెండో అంతస్తుది బొటాబొటిగా నెగ్గింది. సత్తిబాబు తర్వాత పగలగొట్టానన్న తొమ్మిదీ నెగ్గాయి. వాడు అబద్ధం చెప్పలేదు. తొమ్మిదో అంతస్తుదీ నెగ్గింది. ఆరో అంతస్తుది నెగ్గలేదు. ఇరవై ఎనిమిది పాయింట్ నాలుగు. ఆ స్తంభాల చుట్టూ ఇనుము కట్టి మళ్లీ కాంక్రీటు పోయాలని రాశారు.

దాని వెనకాలే ఇంకొక కబురు వచ్చింది. సత్తిబాబు పూర్తి పేరు, పక్కన, ఇకపై ప్రవేశం లేదు.

ఫోన్ చేశాను. తీయలేదు. రెండోరోజూ తీయలేదు.

ఆ ఆదివారం అటక మీది నా పాత కొలతల పుస్తకాలు దించాను. పదిహేడు ఉన్నాయి. మొదటిది మా పేటలో బడి కట్టినప్పటిది. రోజూ దాని ముందు నుంచే కూరలకు వెళతాను. క్యూబ్‌ల పేజీ తీసి భాగించడం మొదలుపెట్టాను. ఇంకుతో, నా చేతిరాతలో, ఏడు మీద అడ్డగీతతో, ఇరవై నాలుగు పాయింట్ ఎనిమిది, ముప్పై ఏడు పాయింట్ రెండు. దాని కింద పెన్సిల్ చెరిపిన మచ్చ లేదు. ఆ వారం వరదకు పరీక్ష యంత్రం దాకా దారి లేదని గుర్తొచ్చింది.

మా పుస్తకంలో తప్పు దిద్దడానికి ఒక మర్యాద ఉంది. చెరపకూడదు. పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. గీత కొట్టాను. పక్కన రాయడానికి అంకె లేదు. "లెక్క కట్టినది, పరీక్షించినది కాదు" అని రాసి, సంతకం చేసి, ఆ రోజు తేదీ వేశాను.

మొదటి పుస్తకంలో అలాంటివి మూడు వచ్చాయి. ఆ పుస్తకం పట్టుకుని సోమవారం బడికి వెళ్లాను. హెడ్‌మాస్టరు లేరు, సెలవులో ఉన్నారట. పుస్తకం సంచిలో పెట్టుకుని వరండాలో కాసేపు నిలబడ్డాను. పై అంతస్తులో పిల్లలు ఎక్కం వల్లిస్తున్నారు. రేపు మళ్లీ వెళ్లాలి. ఇంకా పదహారు పుస్తకాలు భాగించాల్సి ఉంది.